తాంబూలం పుచ్చుకున్న కోచ్

గిరిజ మొగుడు రాజారావు వర్జ్యం చూసుకోకుండా ఇంట్లోంచి కాలు బయటపెట్టే మనిషి కాదు. కారు కొన్నా, గ్రీన్‌కార్డు కాగితాలు పోస్టులో వేసినా, ఆఖరికి గరాజ్ తలుపు మార్పించినా ముహూర్తం ఉండాల్సిందే. అలాంటివాడు, ఉన్న ఒక్కగానొక్క కూతురు ఒహైయోలో ఒక యూనివర్సిటీకి షాట్‌పుట్ విసరడానికి "కమిట్" అయ్యానని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టబోతుంటే ఊరుకుంటాడా? గుడి పంతులుగారికి ఫోన్ చేశాడు.

వాళ్ళుండే షాంటిలీ ఊరి చుట్టుపక్కల తెలుగువాళ్ళకి ఇరవై ఏళ్ళుగా ముహూర్తాలు పెడుతున్న పంతులుగారు దేనికీ ఆశ్చర్యపోవడం మానేసి చాలా కాలమైంది. "అమ్మాయి నక్షత్రం ఏమిటండీ?" అని మాత్రం అడిగాడు. హస్త అన్నాడు రాజారావు. "గురువారం ఉదయం పది నలభై రెండు. దివ్యమైన లగ్నం. తూర్పు ముఖంగా నిలబడి నొక్కమనండి."

గురువారం పది నలభై రెండుకి భవిత కెమిస్ట్రీ క్లాసులో ఉంది. బాత్రూమ్‌కని చెప్పి బయటికొచ్చి, తూర్పు ఎటో తెలియక ఫోన్‌లో దిక్సూచి తెరిచి చూసుకుని, లాకర్ల వైపు తిరిగి నొక్కింది. సాయంత్రం ఆ సంగతి చెబితే గిరిజకి పొట్ట చెక్కలయ్యేలా నవ్వొచ్చింది. రాజారావుకి మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అంత సంతోషం ఊరికే రాలేదు. భవిత తొమ్మిదో తరగతిలో షాట్‌పుట్ మొదలుపెట్టినప్పుడు ఆయన మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు. అందరి పిల్లలూ టెన్నిస్ అనీ, ఈత అనీ చెబుతుంటే, మా అమ్మాయి నాలుగు కిలోల ఇనుప గుండు విసురుతుందని ఏ మొహం పెట్టుకుని చెబుతాడు? అడిగినవాళ్ళకి "అథ్లెటిక్స్" అని నసిగేవాడు. స్నేహితుడు నరసింహ ఒకసారి స్కూలు పోటీలు చూడటానికొచ్చి, "ఇదేం ఆటరా బాబూ, విసరడం, వెళ్ళి తెచ్చుకోవడం!" అన్నాడు. ఆ మాట రాజారావుకి ముల్లులా గుచ్చుకుని అక్కడే ఉండిపోయింది. అదే గుండు పదకొండో తరగతిలో నలభై మూడు అడుగుల దూరం వెళ్ళేసరికి ఒహైయో నుంచి కోచ్ ఇంటికి వచ్చింది. ఆ రోజు నుంచి రాజారావుకి ప్రపంచంలో షాట్‌పుట్ తప్ప ఆటే లేదు.

కోచ్ హెండ్రిక్స్ ఆరడుగుల మనిషి. యాభై దాటి ఉంటాయి. చెప్పులు విప్పమని ఎవరూ చెప్పకుండానే గుమ్మంలో విప్పి లోపలికి వచ్చింది. ఆ ఒక్క పనితో గిరిజ మనసు గెలుచుకుంది. చేతిలో రేకు డబ్బా నిండా ఇంట్లో చేసిన మిఠాయి తెచ్చింది. వేరుశనగ ముద్దని గుండ్రంగా చుట్టి చాక్లెట్‌లో ముంచుతారట, బక్‌ఐలంటారట, ఒహైయోలో ఇంటింటా చేసుకుంటారట. "ఓస్, మన సున్నుండలే!" అన్నాడు రాజారావు. వెళ్ళేటప్పుడు గిరిజ ఆ డబ్బా నిండా నిజం సున్నుండలు పోసి ఇచ్చింది. "మా ఇళ్ళల్లో గిన్నె ఖాళీగా వెనక్కివ్వం" అని చెబితే కోచ్ చాలా ముచ్చటపడింది.

అక్కడితో ఆగితే బాగుండేది. భవితని తీసుకుంటామని కోచ్ అనడమేమిటి, రాజారావు వంటింట్లోకి పరిగెత్తి గిరిజ పుట్టింటివాళ్ళు పెట్టిన వెండి పళ్ళెం దించాడు. దాంట్లో తమలపాకులు, వక్కలు, అరటిపళ్ళు, ఒక జాకెట్ ముక్క సర్ది, గిరిజ చేత బొట్టు పెట్టించి, కోచ్ చేతిలో పెట్టించాడు.

"దీన్ని తాంబూలం అంటాం. ఇది పుచ్చుకున్నాక ఇంక మాట మారేది లేదు" అన్నాడు ఇంగ్లీషులో. ఆవిడ పళ్ళెంలోంచి పళ్ళు తీసుకుని పళ్ళెం తిరిగివ్వబోతే, "నో నో, ప్లేట్ ఆల్సో" అన్నాడు ఉదారంగా. అత్తవారిచ్చిన పళ్ళెం కాబట్టి ఉదారంగానే ఉంటుంది. గిరిజ పళ్ళు బిగించి నవ్వింది.

మే నెలలో బాంక్వెట్ హాల్ తీసుకుని రెండొందల మందికి భోజనాలు పెట్టాడు. ఇనుప గుండు ఆకారంలో నల్లటి కేకు. నరసింహ రెండు ముక్కలు తిన్నాడు. ఆ హాల్లోనే రాజారావు తన పెళ్ళి కథ మళ్ళీ చెప్పాడు. ఏ పార్టీలో అయినా రెండో గ్లాసు దగ్గర ఆయనకి ఆ కథ గుర్తొస్తుంది. "మా గిరిజకి అప్పటికే తాంబూలాలు అయిపోయాయి తెలుసా? ఎవరో లెక్చరర్‌తో. అమెరికా నుంచి నేను దిగానో లేదో, మా మామగారు ఆ తాంబూలాలు వెనక్కి పంపించేశారు! అట్లుంటది మన రేంజ్!" అందరూ నవ్వారు. ఇరవై నాలుగేళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు. గిరిజ కూడా ఇరవై నాలుగేళ్ళుగా ఆ కథ దగ్గర లేచి, పెరుగు అయిపోయిందేమో చూడటానికి వెళుతూనే ఉంది.

అప్పటినుంచి ప్రతి ఆదివారం సాయంత్రం ఐదింటికి కోచ్ ఫోన్ చేసేది. ఏం తిన్నావు, ఎన్ని గంటలు నిద్రపోయావు, మోకాలు ఎలా ఉంది. సొంత మేనత్తలు కూడా అంత శ్రద్ధగా అడగరు. భవిత ఫోన్ స్పీకర్‌లో పెట్టి వంటింటి గట్టుమీద ఎక్కి కూర్చుని, కాళ్ళూపుతూ జవాబులు చెబుతుంటే, గిరిజ కూర తరుగుతూ వినేది.

వేసవిలో ఏం జరిగిందో ఏమో, భవిత గుండు నలభై ఎనిమిది అడుగులు వెళ్ళింది. సెప్టెంబర్ చివర ఒక శనివారం మధ్యాహ్నం అన్నం తింటూ, పప్పులో వేలితో గీతలు గీస్తూ చెప్పింది.

"నాన్నా, ఐ థింక్ నేను డీకమిట్ అవుతాను."

"అంటే?"

"అంటే ఒహైయోకి వెళ్ళను. వేరే స్కూల్ నన్ను అడిగింది."

రాజారావు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తరువాత పది నిమిషాలు ఆయన నోటివెంట సత్యహరిశ్చంద్రుడు, బలిచక్రవర్తి, శిబి వరసగా వచ్చి వెళ్ళారు. "మాటంటే ఏమనుకున్నావ్? మన ఇంటా వంటా లేదు మాట తప్పడం! ఆవిడ తాంబూలం పుచ్చుకుంది. రెండొందల మంది భోంచేశారు. రేపు నరసింహ ముందు నేను తలెత్తుకోవాలా వద్దా?"

"ఇట్స్ జస్ట్ వెర్బల్, నాన్నా. నవంబర్‌లో సైన్ చేసేదాకా ఎవరైనా మారొచ్చు. అందరూ చేస్తారు."

"అందరూ గడ్డి తింటే నువ్వూ తింటావా?"

గిరిజ మజ్జిగ గిన్నె ఇద్దరి మధ్యా పెట్టి, "ఇంతకీ ఏ యూనివర్సిటీయే?" అని అడిగింది.

భవిత పేరు చెప్పింది.

ఆ పేరు అమెరికాలో తెలుగు తల్లిదండ్రులు దేవుడి పేరు తరువాత తలుచుకునే పేర్లలో ఒకటి. అంతకన్నా ముఖ్యం, పోయినేడాది నరసింహ కొడుకు నీరజ్‌ని, అన్ని పతకాలున్న ఈతగాణ్ణి, రెండు వాక్యాల ఈమెయిల్‌తో వద్దన్నది అదే యూనివర్సిటీ.

రాజారావు ముద్ద నోట్లో పెట్టుకుని నిదానంగా నమిలాడు. మంచినీళ్ళు తాగాడు. "వెర్బలే అంటావా?" అన్నాడు.

"వెర్బలే."

"లీగల్‌గా బైండింగ్ కాదు?"

"కాదు."

"మరి ఆ సంగతి ముందు చెప్పాలి కదమ్మా" అన్నాడు. హరిశ్చంద్రుడు భార్యాబిడ్డలతో సహా ఎటు వెళ్ళిపోయాడో తెలియలేదు. "వాళ్ళేం ఇస్తున్నారు?"

"ఫుల్ స్కాలర్‌షిప్. బట్ అది కాదు నాన్నా. అక్కడ త్రోస్ కోచ్ స్పిన్ టెక్నిక్, అంటే గిర్రున తిరిగి విసరడం, నేర్పిస్తాడు. నేనిప్పుడు వెనక్కి జరిగి విసిరే గ్లైడ్‌తో నా దూరం ఇంకా పెరగదు. కోచ్ హెండ్రిక్స్‌కి కూడా తెలుసు అది."

ఆ అమ్మాయి మొహంలో కపటం లేదు. తనకేం కావాలో తెలిసి, అందుకు సిగ్గుపడుతోంది, అంతే. గిరిజకి కూతురి మీద కోపం రాలేదు. మొగుడి మీద వచ్చిందా అంటే, ఏ ఎండకా గొడుగు పట్టడం ఆయనకి కొత్తా?

"మరి కోచ్‌కి ఎప్పుడు చెబుతావ్?" అని అడిగింది.

భవిత కంచం తీసుకుని సింక్ వైపు వెళ్ళిపోయింది.

మర్నాడు ఆదివారం. ఐదింటికి గట్టుమీద ఫోన్ మోగింది. తెరమీద కోచ్ హెండ్రిక్స్ అని పేరు, సున్నుండల డబ్బా పట్టుకుని నవ్వుతున్న ఫోటో. భవిత గట్టు దిగి నిలబడి, ఫోన్ వంక పాము వంక చూసినట్టు చూసింది.

"ఎత్తకు" అన్నాడు రాజారావు. టీ కప్పుతో కుర్చీలో కూర్చుని ఉన్నాడు, చాలా తాపీగా. "నాలుగు వారాలు ఎత్తకపోతే ఆవిడకే అర్థమవుతుంది. మొహం మీద నో చెప్పడమెందుకు, పాపం ఫీలవుతుంది. మనం గొడవ పెట్టుకోలేదు కదా. స్మూత్‌గా అయిపోతుంది."

ఫోన్ మోగుతూనే ఉంది. గిరిజ చేతిలో బెండకాయ సగం తరిగి ఉంది.

గుంటూరులో గిరిజ పుట్టింటి హాల్లో ఫోన్ ఆకుపచ్చ రంగుది. దానిమీద అమ్మ అల్లిన గుడ్డ ఉండేది. ఆ లెక్చరర్, శశికాంత్, తెనాలిలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పేవాడు. తాంబూలాలు అయ్యాక ప్రతి ఆదివారం ఐదింటికి బూత్ నుంచి ఫోన్ చేసేవాడు. పెద్దగా ఏమీ మాట్లాడేవాడు కాదు. ఏం తిన్నావు అనేవాడు. వానపడిందా అనేవాడు. ఒకసారి ఇంద్రధనుస్సు ఎందుకొస్తుందో పావుగంట చెప్పాడు, చెప్పి, "బోరు కొట్టానా?" అని భయపడ్డాడు. తరువాత అమెరికా సంబంధం వచ్చింది. నాన్న, "ఫోన్ ఎత్తకమ్మా, వాళ్ళకే అర్థమవుతుంది" అన్నాడు. గిరిజ ఎత్తలేదు. వద్దని గట్టిగా ఏడ్చిందేమీ లేదు, ఆ మాట కూడా చెప్పుకోవాలి. అమెరికా అంటే ఆమెకీ ఆశగానే ఉండింది. కానీ మూడు ఆదివారాలు ఆ ఫోన్ పక్కనే కూర్చుని అది మోగి మోగి ఆగిపోవడం వింది. నాలుగో ఆదివారం మోగలేదు. ఆ వారమే మధ్యవర్తి, శశికాంత్‌వాళ్ళు పెట్టిన చీర, ఉంగరం బట్టల కొట్టు సంచిలో వేసుకుని వెళ్ళి ఇచ్చి వచ్చాడు. ఆ సంచిలో ఒక కాగితం ముక్క రాసి పెడతానని గిరిజ అంటే నాన్న వద్దన్నాడు.

ఫోన్ ఆగిపోయింది.

"చూశావా? అయిపోయింది" అన్నాడు రాజారావు.

"అవలేదు" అంది గిరిజ. "వచ్చే ఆదివారం మళ్ళీ చేస్తుంది. ఆ పై ఆదివారం కూడా చేస్తుంది. మోకాలు నొప్పేమో, ఇంట్లో ఎవరికైనా బాగాలేదేమో అనుకుంటుంది. మన మీద తప్పు పెట్టడం అన్నిటికంటే చివర్న చేస్తుంది."

"నీకెలా తెలుసు అంత ఇదిగా?"

"నేను ఫోన్ పక్కనే కూర్చున్నాను కాబట్టి."

రాజారావుకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కప్పు కింద పెట్టాడు. తన కథలో ఫోన్ ఒకటి ఉందని ఆయనకి ఎవరూ చెప్పలేదు మరి.

"భవితా, నువ్వే చెయ్యి ఆవిడకి. ఇప్పుడే."

"అమ్మా, టెక్స్ట్ పెడతాను, ప్లీజ్. అందరూ టెక్స్టే పెడతారు. మా క్లాసులో కౌశిక్ కూడా వాళ్ళ లాక్రాస్ ఆట కోచ్‌కి అలాగే చేశాడు."

"వద్దు."

"నన్ను వెళ్ళొద్దంటున్నావా?"

"వెళ్ళవే తల్లీ. మంచి చోటికి వెళ్ళడం తప్పని నేనెలా అంటాను? నేనూ వచ్చినదాన్నేగా. వెళుతున్నానని నీ నోటితో చెప్పి వెళ్ళు, అంతే."

నాలుగు కిలోల ఇనుమును నలభై ఎనిమిది అడుగులు విసిరే పిల్లకి ఆ ఫోన్ ఎత్తడానికి చెయ్యి రాలేదు. రెండుసార్లు తీసి పెట్టేసింది. మూడోసారి నొక్కింది, ఈసారి ఏ దిక్కూ చూసుకోలేదు. స్పీకర్‌లో కోచ్ గొంతు ఎప్పటిలాగే గలగలా వచ్చింది. "హలో, ఏమిటి, ఇందాక నేను చేసినప్పుడు బాత్రూమ్‌లో ఉన్నావా? మోకాలు ఎలా ఉంది?"

భవిత చెప్పింది. తడబడుతూ, మధ్యలో ముక్కు చీదుతూ, అయినా మొత్తం చెప్పింది. యూనివర్సిటీ పేరు, స్పిన్ సంగతి, క్షమించమని. రాజారావు కళ్ళు మూసుకుని పెదాలు కదిలిస్తున్నాడు, ఆంజనేయ దండకమే అయి ఉంటుంది.

"నాకు చాలా కష్టంగా ఉంది" అంది కోచ్ చివరికి. గొంతులో గలగల లేదు. "ఆగస్టులో ఇండియానా అమ్మాయి ఒకతి వస్తానంటే, నువ్వున్నావని కాదన్నాను. అది నీకు తెలియాలి, అందుకే చెబుతున్నాను. ఈ రాత్రి ఆ అమ్మాయికి ఫోన్ చేసి చూస్తాను." తరువాత, "ఆ స్పిన్ కోచ్ మంచివాడు. నేనైనా అక్కడికే వెళతాను" అంది. ఆఖరున, "ఇరవై రెండేళ్ళలో పదకొండు మంది నా దగ్గర్నుంచి ఇలా వెళ్ళారు. ఫోన్ చేసి చెప్పినవాళ్ళలో నువ్వు రెండోదానివి. ఇంట్లో అడిగానని చెప్పు" అని పెట్టేసింది.

భవిత వెళ్ళి తల్లి భుజం మీద తలపెట్టి భోరున ఏడ్చింది. భుజం చాలా చిన్నది, తల చాలా పెద్దది, అయినా గిరిజ కదలకుండా నిలబడింది.

మంగళవారానికల్లా రాజారావు తేరుకున్నాడు. పంతులుగారికి ఫోన్ చేసి కొత్త పోస్టుకి ముహూర్తం అడిగాడు. "మొన్న పెట్టింది పదహారణాల ముహూర్తం కదండీ, ఏమైంది?" అన్నాడు పంతులుగారు కాస్త నొచ్చుకుని. "బ్రహ్మాండంగా పనిచేసింది పంతులుగారూ, అందుకే ఇంకా పెద్దది వచ్చింది" అన్నాడు రాజారావు. నరసింహకి మాత్రం స్వయంగా ఇంటికి వెళ్ళి మరీ చెప్పి వచ్చాడు. అక్కడ యూనివర్సిటీ పేరు ఎన్నిసార్లు అన్నాడో గిరిజ అడగలేదు.

నవంబర్‌లో సంతకాలు అయిన మరుసటి వారం ఒహైయో నుంచి పార్సిల్ వచ్చింది. అట్టపెట్టె లోపల, బుడగల కాగితంలో, గిరిజ పుట్టింటివాళ్ళ వెండి పళ్ళెం. తళతళా తోమి ఉంది. దాని నిండా చాక్లెట్‌లో ముంచిన వేరుశనగ ఉండలు, చిన్న చిన్న ఇనుప గుండ్లలా. పైన ఒక కాగితం. భవిత పైకి చదివింది.

"మాట మారింది కాబట్టి పళ్ళెం మీది. ఖాళీగా పంపలేదు, చూసుకోండి. గుడ్డ ముక్క మాత్రం నాకు నచ్చింది, ఉంచుకుంటున్నాను. ఇండియానా అమ్మాయి అప్పటికే ఇంకొకరికి మాటిచ్చేసిందట. మాట తప్పమని నేను అడగలేదు. భవితా, మోకాలు జాగ్రత్త."

భవిత ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పైకి తన గదిలోకి వెళ్ళిపోయింది.

రాజారావు ఒక ఉండ నోట్లో వేసుకున్నాడు. "చూశావా, ఆవిడేం ఫీలవ్వలేదు" అన్నాడు నములుతూ. ఇంకొకటి వేసుకున్నాడు. "ఎంత పెద్ద మనసో చూడు. మనవాళ్ళయితేనా, తాంబూలాలు వెనక్కిచ్చినందుకు ఈపాటికి శాపనార్థాలు పెట్టి ఉండేవాళ్ళు."

"పెట్టారా?" అంది గిరిజ.

"ఎవరు?"

"నా తాంబూలాలు వెనక్కి పంపినప్పుడు. తెనాలివాళ్ళు. శాపనార్థాలు పెట్టారా?"

రాజారావు ఏదో అనబోయాడు. వేరుశనగ ముద్ద అంగిట్లో అతుక్కుపోయి నాలుక తిరగలేదు.

"ఏమన్నారో నాకూ తెలియదు" అంది గిరిజ. "అడగడానికి నేను ఫోన్ ఎత్తలేదుగా." మిగిలిన ఉండలు వేరే డబ్బాలోకి మార్చి, పళ్ళెం కడిగి, తుడిచి, ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు చేతుల్లోనే పట్టుకుని నిలబడింది.